నవీన శిలాయుగపు నల్లకుండ వయసు సవరణ గురించి

తవ్వకాల అధికారి గారి సముఖమునకు, గోదావరిఖని బొగ్గుబాయిలో తొట్లకు బొగ్గు నింపు ఫిల్లరు పనిచేయు మొగిలి వ్రాసుకొన్న అర్జీ. 1969వ సంవత్సరము.

అయ్యా,

విషయం: ఎర్రగుంటపల్లెలో మా పాత ఇంటి పెరడు నుండి తమరు తీసుకొనిపోయిన నల్లకుండ వయసు సవరించి, కుండను తిరిగి ఇప్పించుట గురించి.

కంపెనీ క్వార్టరు దొరికినందున మేము పల్లెలోని ఇల్లు విడిచి వచ్చితిమి. మొన్నటి ఎండాకాలము ఇంటి ముందరి బూడిద దిబ్బ తవ్వుటకు తమరు అనుమతి అడుగగా సంతోషముగా సంతకము చేసితిని. దిబ్బతో ఆగక తమవారు పెరడు కూడా తవ్విరి. సర్కారు మా పల్లెలో చెప్పినదానికన్నా ఎక్కువ పని చేయుట ఇదే మొదలు.

1. కాలనీ క్లబ్బులో తమరు పెట్టిన ప్రదర్శనకు నా భార్య అనసూర్యతో వచ్చితిని. నవీన శిలాయుగపు జనులు పశువులను మేపుచు, ఉలవలు పండించుకొని ఒకచోట కుదురుకొనిరని, చనిపోయిన పసిబిడ్డలను కుండలో పెట్టి ఇంటి వద్దనే పూడ్చుకొనిరని కుండలు చూపి సెలవిచ్చిరి. అంతయు నిజమే. పండ్లు రాని బిడ్డ పోయినచో మేమునూ అట్లే చేయుదుము. దగ్గర ఉంటే మళ్ళీ ఆ కడుపునే పుట్టునని మా అమ్మ చెప్పును.

2. నల్లకుండ మీది గీతలను బట్టి, ఆ యుగపు చివరలో కుమ్మరి సారె ఇక్కడికి వచ్చెనని చెప్పిరి. వచ్చిన మాట వాస్తవము. ఆ సారె మా ఊరి ఎల్లన్నది. కుండ చేసి రెండేండ్లయినది. మిగిలిన వేల ఏండ్లు తమరు దయతో కలిపినవి.

3. అందులో దొరికిన నీలిపూస వలన ఆనాటి వారికి దూరదేశముతో వర్తకము ఉండెనని తేల్చిరి. పూస మంచిర్యాల అంగడిలో దిష్టికని కొన్నాము. గోదావరి దాటవలెను గనుక దూరదేశమే అనుకొందుము.

4. ఆ కాలమున పసిపిల్లలు తరచుగా పోవుచుండిరి గనుక తల్లులకు అలవాటై దుఃఖము అంతగా ఉండెడిది కాదని చెప్పిరి. ఇది ఏ పెంకు మీద కనబడినదో తెలియజేయ ప్రార్థన.

అప్పుడే అనసూర్య బల్ల దగ్గరికి పోయి, "గది పాతకాలపుది కాదు సారూ. గా పూస నేనే కట్టిన. నా కొడుకు. నాకియ్యుర్రి" అన్నది. తమ గుమస్తా, "అయితే నీకెన్ని వేల ఏండ్లమ్మా?" అని అడిగెను. తమరు నవ్విరి. తమరు నవ్వగా కాలనీవారును నవ్విరి.

నాటి నుండి ఆమె పల్లెకు పోయి, పెరట్లోని గుంతను చేతులతో పూడ్చుచున్నది. అందులో ఏమీ లేదే అంటే వినదు. అయ్యా, నాకు భయముగా ఉన్నది. బాయిలో పైకప్పు చప్పుడు చేసిన నాడు కూడా ఇంత భయపడలేదు.

కుండ నుండి తెలుసుకొనవలసినదంతా తమరు తెలుసుకొంటిరి గనుక, ఇక మా బిడ్డను మాకు ఇప్పించునట్లు ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మొగిలి

మరొక మాట: సారూ, అర్జీ భాష నాకు గింతవరకే వచ్చు. కుండ ఎప్పుడిస్తరో ఏమో, ఆఫీసు పని ఎట్లుంటదో నాకెరుకే. గప్పటిదాక ఒక్క పని చెయ్యుర్రి. కుండ ముంగట చీటీ మీద నంబరేసిండ్రు. గది కొట్టేసి పేరు రాయుర్రి. ఓదెలు. వాళ్ళవ్వ అనసూర్యకు సదువు రాదు. గా ఒక్క పేరు ఎట్లుంటదో నేను నేర్పిన, చూసి గుర్తువడ్తది.