ఫ్యాను కింద కుర్చీ

చెల్లాయికి అక్క దీవెనలు. నేను కులాసా.

"ఆ కొత్త ఊళ్లో గోడలతో మాట్లాడుకుంటున్నావా?" అని దెప్పావుగా, ఇదిగో విను. పక్కవాటా టీచరమ్మ పోరు పడలేక నిన్న ఆడవాళ్ల క్లబ్బు భోజనానికి వెళ్లాను. నెలకోసారి ఎవరినో పిలిచి మాట్లాడిస్తారట, ఆ తర్వాతే వడ్డన. ఉక్కకు తాళలేక ఫ్యాను కింద ఖాళీ కుర్చీలో కూలబడ్డాను. అది ఉపన్యాసం ఇచ్చేవాళ్ల కుర్చీ అని నాకేం తెలుసు? అధ్యక్షురాలు నా చేతిలో మైకు పెట్టి, "డాక్టరుగారు ఇప్పుడు నిద్ర గురించి చెబుతారు" అనేసింది.

"నేను డాక్టర్ని కాదమ్మా, నిద్ర లేకుండా పెరిగినదాన్ని" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. ఇక ఆగుతానా? నాన్న గురకకు పక్కింటివాళ్లు తలుపు కొట్టడం, అమ్మ చెవుల్లో దూది పొద్దున తీయడం మరిచిపోయి మనమీద కేకలేయడం, అన్నీ చెప్పేశాను. ఈ ఊరొచ్చాక అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అసలు డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో, వెనక కూచుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. లేచి కుర్చీ ఇవ్వబోతే, "కానివ్వండి, నేను మొదలెడితే వీళ్లు నిజంగానే నిద్రపోతారు" అంది. ఆవిడ పక్కనే కూచుని కడుపారా తిన్నాను.

నా కళ్లజోడు మీ వంటింటి కిటికీలో మరిచాను, పంపు. చంటిదాని దగ్గు తగ్గిందా? దానికి ముద్దులు. మరిదిగారిని అడిగానని చెప్పు. ఆయన గురక ఎలా ఉంటుందో మాత్రం వివరంగా రాయి. వచ్చే నెల కూడా నన్నే మాట్లాడమన్నారు, నాన్నదేమో అయిపోయింది.

మీ అక్క