మిద్దె మీద చౌడు

నాయనా,

మట్టిమిద్దె నాకు నామోషీ అని ఇంట్లో అందరూ తీర్మానించుకున్నారు. "బి.ఏ. చదివిన పాపకు మంగళూరు పెంకుల కింద తప్ప నిద్ర పట్టదంట" అని చిన్నాయన అరుగు మీద నలుగురికీ చెప్పి నవ్వుతున్నాడు. కాదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

నువ్వు పోయి ఏడాదైంది. మొన్న, అమ్మ పడుకునే చోటికి సరిగ్గా పైన, దూలం చిట్లింది. వయసులో ఉన్న మేస్త్రీలంతా కొత్త రాజధాని పనులకని కర్నూలు వెళ్ళిపోయారు. ముసలి మస్తాను మేస్త్రిని పిలిపించాను. ఆయన నిచ్చెనెక్కి, గడ్డపారతో ఒకచోట తవ్వి, చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేయి దాకా దిగింది.

"మీ నాయన ఏటా కొత్త చౌడు పోయించినాడు గానీ, పాతది ఒక్కసారన్నా గీకించలేదు పాపా. ఇంత మన్ను దూలం మోసేదెట్ల?"

ఇల్లు కురవకూడదనే పోశావు. ప్రతి వేసవిలో బండెడు చౌడు తోలుకొచ్చి, నన్ను పైకి పిలిచి తొక్కమనేవాడివి. నేనూ తొక్కాను.

కొత్త దూలం, పెంకులు, కూలి అన్నీ కలిపి ఏడు వందలు అవుతుందన్నాడు మేస్త్రి.

"మా అన్న పోసిన మన్ను దించేదేంది? ఇంకో బండి పోస్తే సరిపోతాది" అన్నాడు చిన్నాయన. అమ్మ తన మంచం గోడవారకు జరుపుకుంది.

గుంటూరులో నా టీచరు ట్రైనింగుకని నువ్వు పెట్టెలో దాచిన డబ్బు మేస్త్రికి ఇచ్చేశాను. ఈ ఏడు గుంటూరు వెళ్ళను. సోమవారం మన్ను దించేస్తున్నాను.