రెండో ఉపవాసం

మార్చి 4, మంగళవారం

ఇన్నేళ్లూ ఏం జరిగినా దీపం ముందు కూర్చుని స్వామికే చెప్పుకున్నాను. రాసుకునే అలవాటు లేదు. ఇప్పుడు స్వామికి చెప్పుకోలేని పని చేస్తున్నాను, అదీ స్వామి పేరు పెట్టుకుని. అందుకే ఈ కాగితం.

ఇన్సులిన్ ధర మళ్లీ పెరిగింది. మెడికల్ షాపాయన బిల్లు నా వైపు తిప్పి, పైనుంచే అలా వస్తోందమ్మా, నేనేం చేయను అన్నాడు. తప్పు తనదే అయినట్టు తల దించుకున్నాడు. సీసా తెచ్చుకున్నాను. ఇది అయిపోతే ఇంకోటి కొనే దారి లేదు. అందుకని సగం డోసే ఎక్కించుకుంటున్నాను. మందు సగమైతే తిండీ సగమే కదా. ఎవరైనా అడిగితే ఉపవాసం అంటున్నాను.

ఇంట్లో ఎవరూ మారు మాట్లాడలేదు. నా భక్తి మీద వాళ్లకి అంత గురి.

మార్చి 6, గురువారం

నేను పనిచేసే లాడ్జిలో దుప్పట్లు మడతపెడుతుంటే అంచులు రెండేసి కనిపించాయి. ఒకే దుప్పటిని విప్పుతూ మడుస్తూ నిలబడ్డాను. దానికి నాలుగు మూలలే అక్కా, ఐదోది వెతక్కు అని సూపర్‌వైజరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నాలుక అట్టలా ఉంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరడం లేదు.

మావారికి చెప్పాలి. కానీ నిరుడు నా కాలి పుండుకి స్కూటర్ అమ్మేశారు. అప్పట్నుంచి ప్రెస్సుకి నడిచే వెళ్తున్నారు. నడక ఒంటికి మంచిదట, నాకే చెప్తారు. ఇప్పుడు షిఫ్టులు కూడా తగ్గించారు. ఈసారి అమ్మడానికి ఏమీ లేదన్న మాట ఆయన నోట వినలేను.

మార్చి 8, శనివారం

జపం చేశాను. స్వామి మొహం చూడలేదు.

మార్చి 11, మంగళవారం

కాలు మళ్లీ మొద్దుబారింది. బొటనవేలు గిల్లుకుంటే వేరెవరిదో గిల్లినట్టుంది. మళ్లీ పుండు పడితే వేలు తీసెయ్యాలని డాక్టరు నిరుడే అన్నాడు. పడుకున్నా, లేచినా అదే మాట చెవిలో.

అత్తయ్య నన్ను కనిపెట్టి చూస్తోంది. కోడలు కోరుకున్నది చాలా పెద్ద కోరికే అయ్యుంటుంది, లేకపోతే ఇన్నిసార్లు కడుపు మాడ్చుకుంటుందా అంది. ఊరుకో అమ్మా అన్నారు మావారు.

మార్చి 13, గురువారం. ఉదయం ఏడు

ఇక భయానికి తాళలేను. పూర్తి డోసు ఎక్కించుకున్నాను. పూర్తి మందు పడ్డాక తినకపోతే షుగర్ పడిపోతుంది. ఉపవాసమని రాత్రే చెప్పేశాను, ఎలా? వంటింట్లో ఎవరూ లేనప్పుడు రెండు ముద్దలు తినేస్తాను.

మార్చి 14, శుక్రవారం

బతికాను. అది ముందు రాయాలి.

నిన్న వంటింట్లోకి వెళ్లేసరికి అత్తయ్య పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. తనకీ ఇవాళ ఉపవాసమట. పూట తప్పితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. అన్నం వండొద్దు, సాయంత్రం దాకా ఒకరికొకరం కాపలా అంది. ఆకలేస్తోందని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. ఆవిడ కాసేపటికి కునుకు తీస్తుందిలే అని జపానికి కూర్చున్నాను.

చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. చిన్నప్పట్నుంచీ వచ్చిన నామం మర్చిపోయాను. లేవబోతే కాళ్లు నావి కావు. మావారు వచ్చి చూశారు. మంచి ధ్యానంలో ఉంది, కదిలించొద్దని అత్తయ్యతో గుసగుసగా చెప్పడం వినిపించింది. రేడియో తగ్గించారు. దీపం కొండెక్కుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. నన్ను పట్టుకోండి అని అరవాలి. నాలుక కదల్లేదు. ఇంత ప్రేమగా నన్ను వదిలేస్తున్నారే అనుకున్నాను. తర్వాత చీకటి.

అత్తయ్యే కనిపెట్టిందట, నా పెదవులు ఆగిపోయాయని. నిద్రలో కూడా నామం ఆపదురా నీ పెళ్లాం అని కేక పెట్టిందట. కళ్లు తెరిచేసరికి ఆవిడ ఒళ్లో ఉన్నాను. చిగుళ్లకి పంచదార రుద్దుతోంది, తిడుతోంది. మెడ మీదా, జాకెట్ మీదా పంచదారే.

ఆస్పత్రి నుంచి వచ్చాక అంతా చెప్పేశాను. మావారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. అత్తయ్య అంది:

“నీ ఉపవాసం దేవుడికి కాదని నాకు ముందే తెలుసే. మందు కోసం నోరు కట్టుకుంటున్నావనుకున్నా. నా కూడు డబ్బులు కూడా కలిస్తే సీసా తొందరగా వస్తుందని కూర్చున్నా. చేతులారా చంపుకునేదాన్ని.”

మార్చి 17, సోమవారం

డాక్టరు బాగా కోప్పడ్డాడు. డోసు సొంతంగా తగ్గించకూడదు, పెంచకూడదు, మందు ఎక్కించుకుని తిండి మానకూడదు. పాతరకం ఇన్సులిన్ చవకట, అది రాసిచ్చాడు. నేను ముందే అడిగి ఉంటే ముందే రాసేవాడట. షాపులో స్టాకు లేదు. మావారు ప్రెస్సు నుంచి వస్తూ రోజూ అడుగుతున్నారు. గుమ్మం దగ్గర ఆయన చేతుల వైపే చూస్తున్నాను.

మార్చి 22, శనివారం

పాతరకం ఇంకా రాలేదు. ఉన్న సీసా అడుగుకొచ్చింది. అయినా పూర్తి డోసే. అన్నం మింగేదాకా అత్తయ్య ఎదురుగా కూర్చుంది. తర్వాత జపానికి కూర్చుంటే నా పెదవులనే చూస్తూ తనూ పెదవులు కదిపింది. ఆవిడకి నామం రాదు.

ఈ కాగితాలు స్వామి పటం వెనక పెడుతున్నాను. ముందువైపు ఇప్పుడు చూడగలుగుతున్నాను. ఎవరికైనా దొరికితే దాచండి. మావారికి చూపించకండి. ఫ్యాను ఆపిన సంగతి ఆయన చదవకూడదు.