ఇటలీ కారుకి కట్టిన నిమ్మకాయ

సబా అల్ సలేం, కువైట్.
ఆదివారం.

అన్నయ్యకు నీ తమ్ముడు శ్రీను నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ ఒంట్లోనూ మనసులోనూ కులాసా. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వదిన మాత్రలు మానకుండా వేసుకుంటోందా? షెడ్డుకి బళ్ళు బాగా వస్తున్నాయా? అన్నీ వివరంగా రాయి.

కులాసా అన్నానని అనుమానపడకు. మొన్న గురువారం ఫోనులో "ఏంట్రా, గొంతు అదోలా ఉంది?" అని నువ్వు అడిగితే ఏమీ లేదన్నాను. ఉంది. మీరు ఫోను స్పీకరులో పెట్టి ఇంటిల్లిపాదీ వింటారు. అమ్మ చెవిన పడితే ఆ రోజు అన్నం ముట్టదు. అందుకే మన సత్తిబాబు సెలవు మీద వస్తుంటే అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గండం గడిచిపోయింది, ముందే చెబుతున్నాను, స్థిమితంగా చదువు. అమ్మకి మాత్రం సగమే చెప్పు.

ఇక్కడ ఎండలు తగ్గాయి. కార్లు కడిగేటప్పుడు గొట్టంలో నీళ్ళు చెయ్యి కాల్చడం లేదు. తిండికి లోటు లేదు కాని, రోజూ వీళ్ళ అన్నం, మాంసమే. శుక్రవారం మహబూలాలో సత్తిబాబు గదికి వెళ్తే పప్పుచారు దొరుకుతుంది. ఆ ఒక్కపూటా నేను మనిషినవుతాను. మిగతా రోజుల్లో తెలుగు మాట వినాలంటే ఫోనే దిక్కు.

అసలు సంగతికి వస్తాను. మా కఫీల్, అంటే నేను డ్రైవరుగా చేసే ఇంటి యజమాని, పెద్దాయన, మేం బాబా అంటాం. ఆయనకి పాత కార్ల పిచ్చి. ఎవరిదో గరాజులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇటలీ కారు కొని, బాగు చేయించి, పోయిన నెల ఇంటికి తెచ్చారు. మీద గుడ్డ తీయగానే దగ్గరికి పరుగెత్తాను. అన్నయ్యా, అది నాన్న పద్మినీయే! అదే ముఖం, అవే గుండ్రటి దీపాలు, స్టీరింగు కిందనే గేరు కాడ. స్టీరింగు ఒక్కటే ఎడమ పక్కన ఉంది. రావులపాలెం టాక్సీ స్టాండులో నాన్న మనల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారను కొట్టనిచ్చిన బండే వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది. పోయిన మనిషి కనబడ్డట్టు కళ్ళు చెమర్చాయి.

మా నాన్న ఇదే నడిపేవాడని నాకొచ్చిన హిందీలో చెప్పాను. బాబాకి ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆయన కుర్రతనంలో వాళ్ళ నాన్న వెంట సరుకు పడవల వ్యాపారానికి బొంబాయిలో ఉన్నారట. హిందీ ఇప్పటికీ గడగడా మాట్లాడతారు. నన్ను పక్కన నిలబెట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పారు. ఇటలీలో ఉత్తరాన ఒక ఊళ్ళో కొందరు పెద్దమనుషులు కలిసి మొదలుపెట్టారట. తర్వాత లారీలు, ట్రాక్టర్లు, రైళ్ళు, విమానాలు కూడా చేశారట. ఫ్యాక్టరీ డాబా మీదే రోడ్డు వేసి, తయారైన కారుని మేడెక్కించి పరుగెత్తించి చూసేవారంటే నమ్ముతావా? సామాన్యుడికి కారు ఉండాలని మరీ బుల్లి కారు ఒకటి చేస్తే, జనం దాన్ని చిట్టెలుక అన్నారట. ఆ తర్వాత వచ్చినదే ఈ మోడలు. దాని నమూనా తీసుకుని బొంబాయిలో చేయడం మొదలుపెట్టారు. ఇటలీ వాళ్ళు దీన్ని మానేసి కొత్తవాటి మీద పడ్డా, మనవాళ్ళు మాత్రం వదలకుండా ఏళ్ళ తరబడి చేస్తూనే వచ్చారు. పుట్టింటివాళ్ళు మరిచిన పిల్లని అత్తారింటివాళ్ళు సాకినట్టు! ఇప్పుడా కంపెనీ అమెరికా వాళ్ళతో, ఫ్రాన్సు వాళ్ళతో కలిసిపోయి ఏదో కొత్త పేరు పెట్టుకుందట. నీకివన్నీ తెలుసేమో, నేనైతే పద్మిని బొంబాయిలోనే పుట్టిందనుకున్నాను.

శుక్రవారం తానే నడుపుతూ సముద్రం ఒడ్డున ఫహాహీల్ దాకా వెళ్తానన్నారు బాబా. నాకు మనసు ఆగలేదు. పెద్ద వయసు, పాత బండి, వీధిలో పోయే ప్రతివాడూ ఆగి ఫోటో తీసేవాడే. ఎంత దిష్టి! నాన్న బండికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టకుండా ఏనాడైనా స్టాండుకి తీశాడా? సత్తిబాబు పనిచేసే కొట్లోంచి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు తెచ్చి, నల్లదారానికి గుచ్చి, ముందు బంపరు వెనక ఎవరికీ కనబడకుండా కట్టాను. పైకి కడితే బాగుండదేమోనని నా తెలివి.

ఆ తెలివే కొంప ముంచింది. గురువారం మధ్యాహ్నం మామా, అంటే బాబా భార్య, కారు ఫోటో తీయబోయి కిందికి వంగింది. అంతే, "సిహర్! సిహర్!" అని ఒకటే కేకలు. సిహర్ అంటే చేతబడి. ఈ దేశంలో పనివాళ్ళ మీద పడగూడని మాటేదైనా ఉంటే అదే. ఆవిడ తలనొప్పి, కూతురికి కుదరని సంబంధం, అన్నీ నా నిమ్మకాయ నెత్తికే వచ్చాయి. "బాబా రానీ, నీ ఇఖామా ఖలాస్! పోలీసులకే చెబుతా. నువ్వు నడిపే ఏ కారూ నేనెక్కను!" అంది. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, అది ఖలాస్ అయితే నా పనీ అయిపోయినట్టే. నేను దణ్ణాలు పెడుతుంటే అదీ మంత్రమే అనుకుని వెనక్కి జరిగింది.

గదిలో కూర్చుని సత్తిబాబుకి ఫోను చేశాను. "నీకేం పోయేకాలంరా? అరబ్బోళ్ళింట్లో దిష్టి కడతావా? అడిగితే నే చెప్పేవోణ్ణి కదా!" అన్నాడు.  మిరపకాయల కోసం జైలుకెళ్ళాడని ఊళ్ళో చెప్పుకుంటే అమ్మ తలెత్తుకోగలదా అని ఏడుపొచ్చింది. నువ్వు ఫోను చేసింది సరిగ్గా అప్పుడే.

బాబా స్నేహితుల దగ్గరి నుంచి వచ్చేసరికి పొద్దు వాలింది. నన్ను పిలిచారు. మామా ఆ దండని ఒక కర్రతో ఎత్తి చూపించింది. ఆయన చేత్తో తీసుకుని, వాసన చూసి, పగలబడి నవ్వారు.

"అరే, ఇది నజర్‌కి! బొంబాయిలో ప్రతి టాక్సీకీ వేలాడేది. ఇదే కారుకి!" అని హిందీలో నాతో అని, ఆవిడకి అరబ్బీలో చాలాసేపు చెప్పారు. నాకు అర్థమైంది కొంచెమే. "కంటి దోషానికి నువ్వు ధూపం వేయవూ? వీడికి మిరపకాయలు తెలుసు" అన్నట్టున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆ నవ్వు లేదు. "కట్టినందుకు కాదు శ్రీనూ, దాచినందుకు ఆవిడ భయపడింది. ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏదీ చెయ్యకు. ఈ ఇంట్లో ఇది మళ్ళీ వద్దు" అన్నారు. తల ఊపాను. ప్రాణం లేచొచ్చింది.

కాని మామా మొహం విప్పలేదు. ఆవిడకి నామీద నమ్మకం పోతే బాబా మాత్రం ఎన్నాళ్ళు ఉంచుకుంటారు?

మర్నాడు బాబా బండి దగ్గరికొచ్చి, గేరు కాడ చేతికి బిగువుగా ఉందని నన్నే నడపమన్నారు. స్టార్టు చేసి కూర్చున్నాను. ఇంతలో మామా బయటికి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బంపరు కింద వంగి చూసింది.  వెనక తలుపు తీసి, సరిగ్గా నా సీటు వెనకే కూర్చుని, అబాయా సర్దుకుని, "యల్లా శ్రీనూ, నెమ్మదిగా పోనీ" అంది.

ఫహాహీల్ చేరేదాకా వెనక నుంచి ఒక్క మాట లేదు. అద్దంలో చూస్తే, సముద్రపు గాలికి తల వాల్చి నిద్రపోతోంది అన్నయ్యా.

బాబాకి నాన్న బండి ఫోటో చూడాలని ఉందట. సత్తిబాబు తిరిగొచ్చేటప్పుడు ఇచ్చి పంపు, దాంతోపాటు చింతకాయ పచ్చడి కూడా. అమ్మ పాదాలకు, వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉంచండి.

ఇట్లు,
నీ తమ్ముడు
శ్రీను