చేటలో ఒక మూల

గుణుపురం, జనవరి 2023

ప్రియమైన లలితా,

నువ్వు జయపురం బస్సెక్కగానే నాయనమ్మ నన్ను పట్టుకుంది. మా ఇంట విత్తనం చేతికివ్వరు. చేటలో పోసి నేల మీద పెడతారు. తీసుకున్నవాళ్లు తమ కోత కాగానే కొత్తగింజ పిడికెడు తెచ్చి అదే చేటలో పోయాలి. ఆ సంగతి నీకు చెప్పానా అని అడిగింది.

"లలిత మన వరి విత్తనం తీసుకెళ్లింది వాళ్ల పరిశోధన ఆఫీసుకి నాయనమ్మా. ఎవరి విత్తనం తీసుకున్నా వాళ్లని అడగాలి, లాభంలో వాటా ఇవ్వాలి అని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. మన దేశమూ సంతకం పెట్టింది" అన్నాను.

"దేశం సంతకం ఎట్టీసిందేటి? మంచిదే. మరి నా సేటలోకి పిడికెడు ఎవులు తెత్తారే అమ్మీ?"

"లలిత తెస్తుంది" అన్నాను. హాస్టల్లో నా కంచంలో తిన్నదానివి. నీకు పూచీ ఉండటానికి నాకేం భయం?

నీ దుర్గ

జయపురం, ఫిబ్రవరి 2023

నా బంగారు దుర్గా,

మీ కొండమల్లె బియ్యం వండితే పక్కగదివాళ్లు కూడా లేచొచ్చారు! నాయనమ్మ పేరు ఢిల్లీ దాకా వెళ్తుందన్నారు మా సార్. ఒక్క మాట. ఆ విత్తనం ఇంకెవరికీ ఇవ్వకండి, పక్కింటికైనా సరే. వాటా చీలిపోతుంది. నేను తీసిన చేట ఫొటో ఎంత బాగా వచ్చిందో, చిరుగుకి నాయనమ్మ వేసిన ఎర్రచీర అతుకుతో సహా!

ప్రేమతో,
లలిత

గుణుపురం, మే 2025

లలితా,

నిన్న బిస్సమ్ కటక్ సంతలో ఒక విత్తనాల పొట్లం చూశాను. పేరు కొత్తది. గింజ మాదే. పొట్లం మీద బొమ్మ మా చేట, ఎర్రచీర అతుకుతో సహా. కంపెనీ అనుమతి లేకుండా ఈ విత్తనం ఎవరికీ పంచకూడదని కింద రాసుంది.

ఇంటికి తెస్తే నాయనమ్మ మొహం వెలిగిపోయింది. "మన సేటే! లలిత పంపీసిందే అమ్మీ!"

నీ మాట విని రెండేళ్లు పక్కింటి కామేశ్వరమ్మత్తని ఒట్టిచేతుల్తో తిప్పి పంపాను. "సదువుకున్నావు గదే, పిడికెడు గింజలకి మనసు రాలేదేటి?" అంది. అప్పట్నుంచి మాతో మాటల్లేవు.

ఇది నీకు తెలియకుండా జరిగిందని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను.

దుర్గ

జయపురం, జూన్ 2025

ప్రియమైన దుర్గా,

తెలుసు. సార్ ఆ కంపెనీకి మారారు, నన్నూ తీసుకున్నారు. విత్తనం మీ ఇంటిది కాదు, సంతలో దొరికిందని అధికారులకి చెప్పమన్నారు, చెప్పాను. ఒప్పందం దేశాల మధ్యది, మనుషుల మధ్యది కాదంటారాయన. నాయనమ్మకి చెప్పకు.

లలిత

గుణుపురం, జూన్ 2025

లలితకి,

చెప్పాను. నాయనమ్మ పొట్లం పక్కన పడేసింది. తర్వాత కుండలో విత్తనమంతా చేటలోకి వంచి, కామేశ్వరమ్మత్త గుమ్మం ముందు పెట్టింది. "తీసుకో కామేశ్వరమ్మా. ఏ కంపెనీవోడొచ్చి అడుగుతాడో నాను సూత్తాను." అత్త ఏడ్చింది, తిట్టింది, కొంగులో పోసుకుంది. సాయంత్రానికి వీధంతా తిరిగింది మా చేట.

ఈ కోతకి ఇంటింటి నుంచీ పిడికెడు వస్తుంది. నీ పిడికెడుకీ ఒక మూల ఖాళీగా ఉంచమంటోంది నాయనమ్మ. "పిల్ల మనసు మారి తెత్తే?" అంటోంది.

నేను ఉంచను.

విజయదుర్గ