మడమలకు తెలిసిన ఊరు

నా చిట్టెలుకకి తాతయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ నానమ్మ నోరు ఇంకా బాగుంది. నువ్వు ఆ పటాలు గీసే ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోకుండా రోజూ నాలుగడుగులు వేస్తున్నావా లేదా?

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలడిగావు. నా చెప్పులు మడమల దగ్గరే ఎందుకు అరుగుతాయన్నావు. పిచ్చిదానా, నలభై ఏళ్లుగా ఈ పాత ఊరిని జనానికి తిప్పి చూపిస్తున్నవాణ్ణి. వాళ్ల మొహాలు చూస్తూ వెనక్కి నడవాలి కదా! నా వీపుకి కథలు చెప్పడం రాదు. అందుకే ఈ ఊరు నా మడమలకే బాగా తెలుసు. గడియారం మేడ నుంచి నూట పన్నెండు అడుగులు. కాలి కింద ఇనప మూత టంగుమంటుంది. అక్కడ ఎడమకి తిరిగితే రాణిగారి మేడ, చల్లగాలి మెడకి తగులుతుంది. పొద్దున్నే మంచులో నడుస్తుంటే, నా వెనక నుంచి ఒక్కో గోడా లేచి వచ్చి వాళ్ల కళ్లలో కూర్చుంటున్నట్టుంటుంది.

ఇక కళ్ల పరీక్ష ఎప్పుడన్నావు. అది వచ్చే నెల. అందులో నెగ్గితేనే టూరిజం ఆఫీసువాళ్లు నా గైడు బిళ్ల మళ్లీ ఇస్తారు. నిరుడు నెగ్గానుగా, నీకెందుకు కంగారు?

నా అక్షరాలు ఇంత లావెక్కాయేమనీ అడిగావు. మీ నానమ్మ పెట్టే తిండికి మనిషినే లావెక్కా, అక్షరాలెంత!

మొన్న ఒక తమాషా జరిగింది. మరమ్మతు చేసేవాళ్లు ఆ ఇనప మూత తీసి పదడుగులు ఇవతల పడేశారు. మడమ కింద టంగుమంది. అడుగుల లెక్క తగ్గింది, అయినా మూతనే నమ్మి ఎడమకి తిరిగా. చెయ్యి చాపి, "అయ్యలారా, అమ్మలారా, ఇదిగో రాణిగారి పాలరాతి గోడ!" అన్నా.

గోడ కదిలింది. దాని పక్క నుంచి ఒకావిడ తల బయటపెట్టింది.

"పెద్దాయనా, అది మా దుప్పటి. ఇంకా ఆరలేదు, చెయ్యి తియ్యి."

ఆవేళ నా వెంట ఊరు చూడ్డానికొచ్చిన పదకొండు మందీ పడీ పడీ నవ్వారు. కావాలనే చేశాననుకున్నారు. నేనూ నవ్వేశా. నవ్వుతూనే వాళ్లని మళ్లీ వీధిలోకి తీసుకెళ్తూ, "మెట్లేం లేవు, ధైర్యంగా రండి" అన్నా.

మెట్టుంది తల్లీ. ఒక పెద్దావిడ నా మాట నమ్మి పడింది. మోకాలు దోక్కుపోయింది. పైగా ఆవిడే నాతో, "మీ తప్పేం లేదు బాబూ, నేనే చూసుకోలేదు" అంది. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

చిట్టెలుకా, రెండేళ్లుగా నాకు అన్నీ మంచులోనే కనబడుతున్నాయి, మండుటెండలో కూడా. అక్షరాలు లావెక్కింది అందుకే. నిరుడు పరీక్షలో నా ముందువాడు గోడమీది అక్షరాలు పైకి చదువుతుంటే విని బట్టీ పట్టా. విన్నది అప్పజెప్పడమేగా నా ఉద్యోగం! ఈసారి ఆ దొంగపని చెయ్యను. నిన్న వెళ్లి బిళ్ల తిరిగిచ్చేసి వచ్చా.

మీ నానమ్మకి చెప్పలేదు. కానీ రెండేళ్లుగా ఆవిడ ఇంట్లో ఒక్క చెంబు కూడా చోటు మార్చలేదు. తెలుసు, దొంగమొహానికి.

ఒక్క వారం సెలవు పెట్టి రా. కథలన్నీ నీకు అప్పజెబుతా. నువ్వు వెనక్కి నడుస్తూ చెప్పు, నేను వింటూ నడుస్తా. నలభై ఏళ్లకి మొదటిసారి ఈ ఊళ్లో ముందుకి నడుస్తా. మేడలు కనబడకపోతే పోనీ. రెండడుగుల దూరంలో ఉంటే నీ మొహం నాకు ఇంకా కనబడుతుంది.

ఇట్లు,
అరిగిన మడమల
మీ తాతయ్య