ఒక మనిషికి చోటు

మార్చి 4

ఈ రోజు మా బస్సుకి ఆఖరి ట్రిప్.

డిపో మేనేజర్ పొద్దున్నే పిలిచి చెప్పారు. డీజిల్ పూర్తిగా అయిపోలేదట. ఉన్న కాస్తా పొలాలకీ ఆసుపత్రికీ ధాన్యం లారీలకీ కావాలట. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడ ఉంటే చాలట. ఆయనకేం, ఆయన ఇల్లు డిపో గోడ అవతలే.

నేను కండక్టర్ని. మా ఆయన కొండ మీది టౌన్లో వాటర్ వర్క్స్‌లో పంప్ ఆపరేటర్. పెళ్లయిన దగ్గర్నుంచీ మా కాపురం ఆ బస్సు మీదే నడిచింది. రోజు విడిచి రోజు నాకు అక్కడ నైట్ హాల్ట్. మిగతావాళ్లు హాల్ట్ డ్యూటీ అంటే మొహం ముడుచుకుంటారు. నేను అడిగి మరీ వేయించుకునేదాన్ని. డిపోలో నాకు ‘హాల్ట్ పెళ్లాం’ అని పేరు.

ఈ రోజు హాల్ట్ లేదు. దించి వెంటనే వెనక్కి తిప్పమన్నారు. ఆయన బస్టాండులో నిలబడి ఉన్నారు. చేతిలో ఒక కవరు. నా నైటీ, దువ్వెన, స్వెట్టరు. ఆ గదిలో నావి ఏమున్నాయో అన్నీ ఏరి తెచ్చారు.

ఉండిపో అంటారేమోనని మొహం వైపు చూశాను. అనలేదు. ఆ టౌన్లో చలికాలం నుంచే కొత్తవాళ్లకి నీళ్లు ఆపేశారు. అక్కడి రిజర్వాయర్ ఉన్నవాళ్లకే చాలడం లేదు. ఆ నీటిమట్టం రోజూ కొలిచి చెప్పేది ఈయనే. పెళ్లాం కోసం ఒక అంగుళం ఎక్కువ చెప్పే మనిషి కాదు. తెలిసే చేసుకున్నాను. ఇప్పుడు తిట్టుకుని ఏం లాభం.

స్వెట్టరు మీరే ఉంచుకోండి, చలి ఇక్కడే కదా అన్నాను. నాకు పట్టదు అన్నారు. మేం మాట్లాడుకున్నది అంతే.

మార్చి 6

మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచి, డ్యూటీకి లేటయిందని కంగారుపడి యూనిఫాం వేసేసుకున్నాను.

మార్చి 19

వార్డు ఆఫీసుకి వెళ్లాను. నేను అక్కడికి పోలేకపోతే ఆయన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చా అని అడిగాను.

వార్డు ఆఫీసర్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. మేడమ్, మీ వీధికి ఇంత బియ్యం, ఇన్ని బిందెల నీళ్లు అని ఉంటుంది, ఒక మనిషి తగ్గితేనే ఒక మనిషిని తీసుకోగలం అన్నాడు. పుట్టే పిల్లలకైనా అంతేనట. చోటు ఖాళీ అయ్యేదాకా తల్లి వాటాలోంచే పెట్టుకోవాలట. భర్త కాబట్టి మా ఆయనకి మొదటి వరస వస్తుందట.

తర్వాత కాగితాలు సర్దుకుంటూ, మీ వీధిలో బాగా పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నాడు.

మా వీధిలో అందరికన్నా పెద్దది మా పక్క వాటా మామ్మ.

ఏప్రిల్ 7

డిపోలో బస్సులు విప్పే పని ఇచ్చారు. సీట్లు బడికి, అద్దాలు నారుమళ్లకి, టైర్లు చెప్పులు కుట్టేవాళ్లకి. డ్రైవరన్న తన బస్సు స్టీరింగ్ తనే ఊడదీశాడు. వేరేవాళ్లని ముట్టుకోనివ్వలేదు. చెల్లెమ్మా, కబేళాకి తీసుకెళ్లేముందు పశువుకి ముకుతాడు విప్పుతారు చూడు, అలా ఉంది అన్నాడు. తర్వాత చాలాసేపు ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడు. జలుబట.

ఆదివారం వార్డు ఆఫీసు ఫోన్లో ఆయనతో మాట్లాడాను. వెనక క్యూ ఉంటుంది. తిన్నారా, తిన్నాను, నువ్వో. ఇంత కాపురం చేసి మేం మిగుల్చుకున్నది ఈ మూడు మాటలు.

ఏప్రిల్ 23

మామ్మ గురించి రాయాలి.

ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. గుండె జబ్బు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాలుక మాత్రం ఇప్పటికీ పరుగే. నేను ఈ వాటాలోకి వచ్చిన రోజున గోడ మీద తట్టి, అమ్మాయ్, ఉప్పుందా అని అడిగింది. అప్పట్నుంచీ ఆవిడ వంట నా పొయ్యి మీదే. రెండు రోజులకోసారి తల దువ్వి జడ వేస్తాను. జడ వేస్తున్నంతసేపూ ఊరందరి పాత కబుర్లు చెప్తుంది. ఎవరు ఎవరికి ఫోన్ చేసి ఏడ్చారో అన్నీ గుర్తే. చెవిన పడినవి పారేయలేకపోయానే అంటుంది.

ఈ రోజు జడ వేస్తుంటే ఆవిడ మెడ చూశాను. ఎంత సన్నబడిపోయిందో. వెంటనే లెక్క వేశాను. ఈ వేసవి దాటుతుందా అని. అల్లిన జడ విప్పి మళ్లీ మొదటి నుంచి వేశాను.

మే 16

వడగాలి. మామ్మ కిటికీకి తడిపిన దుప్పటి కట్టాను.

తనే ఎత్తింది మాట. నాకు తెలుసే అమ్మాయ్, మీ ఆయన రావాలంటే నేను పోవాలి, వీధంతా అనుకుంటూనే ఉంది అంది. నేను ఏదో అనబోయాను. ఆగమంది. మీ ఆయనంటే నాకు ఇష్టమే, మంచివాడు, వచ్చినప్పుడల్లా నా కుళాయి బాగుచేసి వెళ్లేవాడు. కానీ నాకు చావాలని లేదే. ఏం చెయ్యను. ఈ వయసులో సిగ్గుగా ఉంది చెప్పడానికి. పొద్దున్నే కళ్లు తెరవగానే, అబ్బ, ఇంకో రోజు వచ్చింది అనిపిస్తుంది. అంతే.

నేను ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మామ్మా, బతుకు అన్నాను. నిజంగానే అన్నాను.

జూన్ 11

ఫోన్ టవర్ ఆపేశారు. ఇకమీదట నెలకోసారి టపా సైకిలాయన కొండ మీదికి వెళ్లి వస్తాడట. తిన్నారా అని రాసి పంపితే, తిన్నాను అని వచ్చేసరికి నెల.

జూలై 2

కింది వాటా పిల్లకి ఆరో నెల. ఇన్నాళ్లూ పైట నిండా కప్పుకుని తిరిగింది. ఈ రోజు నీళ్ల దగ్గర బిందె ఎత్తుతుంటే అందరికీ తెలిసిపోయింది. ఒక్కరూ శుభమా అని అనలేదు. ఒకావిడ బిందె ఠక్కున కింద పెట్టి, ఉన్నవాళ్లకే లేదు మొర్రో అంటుంటే అంది.

మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుంది. ఆ పిల్లకీ తెలుసు. మొదటి వరస మా ఆయనది. తర్వాతది ఆ కడుపులోది. ఇద్దరికీ కావలసింది ఒకటే చోటు.

జూలై 19

కింది వాటా పిల్ల కూడా మామ్మకి గంజి తేవడం మొదలుపెట్టింది. మామ్మ ఇద్దరి గిన్నెలూ ముందు పెట్టుకుని, కన్నబిడ్డలుంటే ఇంత సేవ జరిగేది కాదు, ఎవరి గంజి చిక్కగా ఉంటే వాళ్లకే నా చోటు రాసిస్తా అంది. ఆ పిల్ల బిత్తరపోయింది. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి అదీ నవ్వింది. ముగ్గురం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఎన్నాళ్లయిందో.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల, అక్కా, నీ మీద నాకేం లేదు అంది. నాకూ లేదమ్మా అన్నాను.

ఆగస్టు 9

మామ్మకి జ్వరం. వానలు మొదలయ్యాక ఊళ్లో ఇంటికొకరు పడుతున్నారు. ఆసుపత్రిలో బిళ్లలు కొన్నే ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లకి ముందు ఇస్తున్నారు. కాంపౌండర్ని బతిమాలితే నాలుగు ఇచ్చాడు. డిపోకి సెలవు పెట్టాను.

ఆగస్టు 11, మధ్యాహ్నం 2

ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. లైను కలుపుతున్నాను, ఉండండి అంటోంది. నుదుటి మీద గుడ్డ ఆరిపోతుంటే తడిపి వేస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

రాయకుండా ఉండాల్సింది. రాస్తే గానీ నాకు ఊపిరాడదు.

గుడ్డ ఆరిపోయింది. చూశాను. లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, లేవకుండా ఉంటే చాలు. కొండ దిగి ఆయన నడిచి వస్తున్నట్టు, గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు కళ్ల ముందు కనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తర్వాత లేచాను. గుడ్డ తడిపాను. వేశాను.

ఆగస్టు 14

జ్వరం దిగింది. పొద్దున కళ్లు తెరిచి, అబ్బ, ఇంకో రోజు అంది. నేను వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను. సంతోషమే అది. సంతోషమే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 3

ఆయన పోయారు.

సెప్టెంబరు 8

మొన్న మూడో తారీఖున టపా సైకిలాయన ఉత్తరం తెచ్చాడేమోనని ఎదురెళ్లాను. సైకిలు దిగి స్టాండు వేసి, అమ్మా, కాస్త కూర్చో అన్నాడు. ఎప్పుడూ అలా అనడు. నేను కూర్చోలేదు.

జ్వరమట. కొండ మీద కూడా ఇదే జ్వరం. జ్వరంతోనే రెండు రోజులు పంపు దగ్గరికి వెళ్లారట. వేరేవాళ్ల మాట ఆ మోటారు వినదని. మూడో రోజు గదిలోంచి బయటికి రాలేదట. ఎవరి ఇళ్లలో వాళ్లకే జ్వరాలు. తలుపు తోసి చూసేసరికి అయిపోయిందట. ఆగస్టు రెండో వారం అన్నాడు. తేదీ అడిగితే సరిగ్గా తెలియదన్నాడు. అడగకుండా ఉన్నా బాగుండేది.

నేను మామ్మ నుదుటి మీద గుడ్డ తడిపి వేస్తున్న రోజులే. అక్కడ ఆయనకి గుడ్డ వేసేవాళ్లు లేరు.

మామ్మకి చెప్పాను. నాకు రావలసిన లైను మీ ఆయనకి కలిపారే అమ్మాయ్ అంది. చెయ్యి పట్టుకుంది. విడిపించుకోవాలనిపించింది. విడిపించుకోలేదు.

సెప్టెంబరు 21

నీళ్ల దగ్గర అందరూ నాకు దారి ఇస్తున్నారు. ముందు నువ్వు పట్టుకో అంటున్నారు. ఇంతకుముందు అరచెంబు కోసం పోట్లాడుకున్న మనుషులే.

అక్టోబరు 5

వార్డు ఆఫీసర్ తనే ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి, చెప్పడానికి నాకు నోరు రావడం లేదు మేడమ్, కానీ చెప్పకపోతే తప్పవుతుంది అన్నాడు.

కొండ మీది టౌన్లో ఒక చోటు ఖాళీ అయింది. ఆ చోటు మీద మొదటి వరస భార్యది. నెలాఖరులోగా వెళ్తే నాదే. లేకపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు.

సరిగ్గా అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. పాపం, మళ్లీ చెప్పాడు.

ఇన్ని నెలలు ఎవరో ఒకరు తగ్గాలని చూశాను. తగ్గారు.

అక్టోబరు 9

కింది వాటా పిల్లకి మగపిల్లాడు. బొడ్డు కోసేటప్పుడు నేనే పట్టుకున్నాను. పట్టుమని పిడికెడు లేడు, అరుపు మాత్రం ఎయిర్ హారన్. వాడి అమ్మమ్మ వేడినీళ్లు తెస్తూ, ఎవరు పిలిచార్రా నిన్ను ఇప్పుడు అని విసుక్కుంది. మళ్లీ తనే ఎత్తుకుని దించలేదు.

అక్టోబరు 21

వెళ్తానని మామ్మకి చెప్పాను.

వెళ్లకు అంది. నన్ను వదిలేసి వెళ్లకే, అక్కడ నీకెవరున్నారు, ఉట్టి గది అంది. నిజమే. మామ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు.

నేను ఎందుకు వెళ్తున్నానో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఆఖరిసారి పడుకున్న మంచం చూడాలి. అదొకటి. ఇంకోటి ఇక్కడ రాస్తాను. ఇక్కడ ఉంటే ఆవిడకి దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా నా బుర్రలో ఆ లెక్క లేస్తుంది. ఇప్పుడు ఆ పసివాడి తరఫున లేస్తుంది. నేను వెళ్తే నా చోటు వాడిది. ఇక ఎవరూ ఎవరి దగ్గూ వినక్కర్లేదు.

అక్టోబరు 22

పొద్దున్నే గోడ మీద తట్టింది. వెళ్లేసరికి దువ్వెన పట్టుకుని కూర్చుంది. ఇంకో జడ వేసి పో, గట్టిగా వెయ్, చాలా రోజులు ఉండాలి అంది.

కింది వాటా పిల్ల రోజూ రెండు పూటలా చూసుకుంటానంది. పిల్లాణ్ని మామ్మ పక్కలో పడుకోబెట్టింది. వాడు ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదు. వీడికి నా పెద్దరికం తెలిసినట్టు లేదే అంది మామ్మ.

అక్టోబరు 24

టపా సైకిలాయనతో కలిసి నడుస్తున్నాను. నా మూట ఆయన సైకిలు మీద. దిగి నాతో పాటే తోసుకుంటూ వస్తున్నాడు.

ఇన్నేళ్లు ఈ రోడ్డు మీద తిరిగాను కానీ ఇది ఎంత పొడుగో నాకు తెలియదు. చిల్లర లెక్కపెట్టుకునేలోగా దాటిపోయే ఊరు ఇప్పుడు పొద్దంతా నడిచినా రావడం లేదు. తారు పగిలి గడ్డి లేచింది. ఒక పెట్రోలు బంకు నీడలో గొర్రెలు పడుకున్నాయి. కాపరి మాకు నీళ్లు ఇచ్చాడు. ఎటు అని అడిగాడు. మా ఆయన దగ్గరికి అన్నాను.

అక్టోబరు 28

వచ్చాను. వీధి చివర నీళ్లు పోసే ఆవిడ ఇల్లు ఏది అని అడిగింది. చెప్పాను. తలెత్తి ఒకసారి చూసి, ఆయన వాటా నీళ్లు నా బిందెలో పోసింది. గదిలోకి వచ్చి తలుపు వేసుకుని తాగాను. చల్లగా ఉన్నాయి.